ఒకే తల్లిచెట్టు, రెండు శీతాకాలపు నెలవులు: జపనీస్ మేపుల్ బోన్సాయ్‌లపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని రెండు చెట్లూ జపనీస్ మేపుల్‌లే. ఒకే తల్లిచెట్టు కొమ్మలను నాటి పెంచినవి కనుక వాటి మధ్య జన్యుపరమైన తేడా లేదు. వయసు, మొదలు లావు, కుండీ లోతు, కుండీలో వాడిన మిశ్రమం కూడా దాదాపు ఒకటే. తేడా అంతా ఒక్క శీతాకాలంలో వచ్చింది. రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ వరకు దిగే చోట, ఒక చెట్టు ఆ కాలమంతా వెచ్చని గదిలో ఎండ పడే కిటికీ పక్కన గడిపింది. రెండోది ఆరుబయట, నడుమెత్తు చెక్క బల్ల మీద, చుట్టూ ఏ అడ్డూ లేకుండా గడిపింది. వసంతం ముగిసే వేళకు రెండూ ప్రాణాపాయ స్థితిలో నా దగ్గరికి వచ్చాయి. మొదటిదాన్ని గది చెట్టు అనీ, రెండోదాన్ని బల్ల చెట్టు అనీ పిలుస్తాను.

యజమాని ఈ ఏర్పాటును నిర్లక్ష్యంతో చేయలేదు. మర్రి కుటుంబానికి చెందిన ఫైకస్ బోన్సాయ్ ఒకటి ఆయన గదిలో ఏళ్ల తరబడి పచ్చగా ఉంది. బల్ల మీది జునిపర్, చలికాలంలోనూ ఆకు రాల్చని చెట్టు, అంతకుముందు వచ్చిన శీతాకాలాలన్నిటినీ తట్టుకుని నిలిచింది. ఒకటి లోపల బతికింది, ఒకటి బయట బతికింది కాబట్టి, కొత్తగా వచ్చిన మేపుల్‌లను చెరొకచోట పెట్టి ఏది నయమో చూద్దామనుకున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఫైకస్ నుంచి గాని, జునిపర్ నుంచి గాని మేపుల్‌కు వర్తించే నిర్ణయమేదీ తీసుకోలేమన్న విషయం ఆయన ఆలోచనలోకి రాలేదు.

చరిత్ర, పరీక్ష

గది చెట్టును మొదటి చలిగాలులు తగలగానే, ఆకు రాలకముందే లోపలికి తెచ్చారు. ఆకులు సరిగా రంగు మారకుండానే అంచుల నుంచి ఎండి చాలాకాలం కొమ్మలకే వేలాడాయి. నడి శీతాకాలంలో కొమ్మల చివర్లలో కొన్ని చిగుళ్లు వచ్చాయి. కణుపుల మధ్య దూరం ఎక్కువగా, ఆకు పలుచగా, రంగు వెలిసినట్టుగా ఉన్న ఆ చిగుళ్లను ఎర్రనల్లి పట్టింది, అవి రాలిపోయాయి. వసంతం వచ్చి బయటి మేపుల్‌లన్నీ ఆకు తొడిగాక కూడా ఈ చెట్టులో కొమ్మ చివరి మొగ్గలు అక్కడక్కడ విచ్చుకున్నాయే తప్ప, పక్క మొగ్గలు గట్టిగా మూసుకునే ఉన్నాయి. గోటితో గీరి చూస్తే బెరడు కింద పచ్చదనం ఉంది గాని, లేత కొమ్మల మీద బెరడు సన్నగా ముడతలు పడింది. కుండీలోంచి తీసి చూస్తే వేళ్లు గట్టిగానే ఉన్నాయి, కొత్త తెల్లని వేరు కొనలు మాత్రం చాలా తక్కువ.

గదిలోని పొడి గాలే కారణమని యజమాని నమ్మి, కుండీ కింద గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పెట్టి ఉంచారు. వేడి చేసిన గదుల్లో గాలి బాగా పొడిబారుతుంది, ఎర్రనల్లికి అది అనుకూలం కూడా. కాని అలాంటి పళ్లెం చెట్టు చుట్టూ తేమను చెప్పుకోదగినంత పెంచదు. పెంచినా ఈ చెట్టుకు మేలు జరిగేది కాదు.

బల్ల చెట్టు కథ దీనికి పూర్తిగా భిన్నం. దాని ఆకులు సకాలంలో రంగు మారి రాలాయి. మొగ్గలు వేళకు ఉబ్బాయి, ఆకులన్నీ నిండుగా విచ్చుకున్నాయి. యజమాని సంతోషించి, చెట్టు గట్టిదే అనుకున్నారు. మొదటి వెచ్చని రోజులు రాగానే కుండీ తడిగా ఉండగానే ఆకులన్నీ ఒక్కసారిగా వాడిపోయాయి. నీరు చాలడం లేదనుకుని ఆయన ఇంకా పోశారు. నా దగ్గరికి వచ్చేసరికి కుండీలోంచి పులిసిన వాసన వస్తోంది. చెట్టును బయటికి తీసి మిశ్రమాన్ని కడిగితే, కుండీ గోడలను ఆనుకుని ఉన్న సన్నవేళ్లన్నీ గోధుమరంగుకు తిరిగి, పట్టుకుని లాగితే తడి తొడుగులా పైపొర ఊడివచ్చి లోపలి నార చేతిలో మిగిలింది. సరిగ్గా మొదలు కింద, వేళ్లముద్ద నడుమ మాత్రం కొన్ని వేళ్లు లేతరంగులో గట్టిగా ఉన్నాయి. కాండాన్ని ఎక్కడ గీరినా పచ్చగానే ఉంది.

నిర్ధారణ

బల్ల చెట్టు విషయంలో మొదట తేల్చవలసింది, వేళ్లు చలికి చచ్చాయా, నీరెక్కువై కుళ్లాయా అన్నది. ఆ వాసన చూసిన వారెవరైనా కుళ్లు అనే అంటారు. చచ్చిన వేళ్లు ఎక్కడ ఉన్నాయన్నదే నాకు దారి చూపింది. నీరు నిలిచి వచ్చే కుళ్లు సాధారణంగా కుండీ అడుగున, తడి ఎక్కువసేపు ఉండే పొరలో మొదలవుతుంది. ఇక్కడ పైఅంచు దగ్గర, త్వరగా ఆరే చోట ఉన్న వేళ్లు కూడా చచ్చాయి. ఈదురుగాలి తగిలిన వైపు నష్టం మరింత లోపలికి పాకింది. బతికిన వేళ్లు అన్ని గోడలకూ దూరంగా ఉన్న నడిభాగంలో మిగిలాయి. ఇది చలి బయటినుంచి లోపలికి నడిచి వెళ్లిన దారి. కుళ్లు ఆ తర్వాత, చచ్చిన వేళ్ల మీద, అదనంగా పోసిన నీటితో వచ్చింది. ఆకులు నిండుగా విచ్చుకోవడం కూడా దీనికి విరుద్ధమేమీ కాదు. వసంతపు తొలి చిగురు కాండంలోనూ మిగిలిన వేళ్లలోనూ కిందటేడు దాచుకున్న పిండిపదార్థంతో, కణజాలంలో అప్పటికే ఉన్న నీటితో వస్తుంది. బాష్పోత్సేకం, అంటే ఆకులనుంచి నీరు ఆవిరవడం, పెరిగి వేళ్లు కొత్తగా నీరు తోడవలసి వచ్చిన రోజున గాని లోటు బయటపడదు.

మేపుల్ కొమ్మలు మైనస్ 20 డిగ్రీలను దాటిన చలిని కూడా ఓర్చుకోగలవు. నేలలో పెరిగే జపనీస్ మేపుల్‌లు అంతకంటే కఠినమైన శీతాకాలాలను చూసినవే. వేళ్లకు ఆ శక్తి లేదు. లోతైన నేల ఎన్నడూ అంతగా చల్లబడదు కాబట్టి వేళ్లకు ఆ అవసరమే రాలేదు. సన్నని లేతవేళ్లు మైనస్ 5 డిగ్రీల చుట్టుపక్కలే దెబ్బతినడం మొదలవుతుంది. ముదిరిన వేళ్లు మరికొంత తట్టుకుంటాయి గాని మైనస్ 10 దగ్గర వాటి సంగతి కూడా అనుమానమే. లోతు తక్కువైన బోన్సాయ్ కుండీని బల్ల మీద పెట్టామంటే, నేలలోని వెచ్చదనంతో సంబంధం తెంపి, వేళ్లను పైనుంచి, పక్కలనుంచి, అడుగునుంచి గాలికి అప్పగించినట్టే. చెట్ల చలి ఓర్పును గురించి పట్టికల్లో ఉండే అంకెలు నేలలో నాటిన చెట్టుకు వర్తించేవని, కుండీలోని చెట్టుకు అవి ఎంతో ఆశావహమైనవని ఈ వృత్తిలో కొత్తవారికి ప్రతిసారీ చెప్పవలసి వస్తుంది.

జునిపర్ అదే బల్ల మీద ఎలా బతికిందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. జునిపర్ వేళ్లు మేపుల్ వేళ్లకంటే చలిని బాగా ఓర్చుకుంటాయి. పైగా ఆయన జునిపర్ లోతైన కుండీలో, బల్ల మీదే గోడ వైపున ఉంది. చలికి దాని ఆకులు ఊదా గోధుమరంగుకు తిరిగితే చాలామంది భయపడి లోపలికి తెస్తారు. ఆ రంగు శీతాకాలానికి సహజం, వసంతంలో పోతుంది. లోపలికి తెచ్చిన జునిపర్ మాత్రం చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపించి యజమానిని మోసం చేస్తుంది.

గది చెట్టుకు ఏ వేరూ చావలేదు. దాని జబ్బు విశ్రాంతి లేకపోవడం. పగళ్లు పొట్టివవుతున్న కొద్దీ సమశీతోష్ణ జాతి చెట్లు ఎదుగుదలను ఆపి, మొగ్గలను లోపలినుంచే తాళం వేసుకున్న సుప్తావస్థలోకి పంపుతాయి. ఆ దశలో వెచ్చదనం తగిలినా మొగ్గ విచ్చదు. ఆ తాళం తీయడానికి తగినన్ని గంటల చలి కావాలి. సుమారు 0 నుంచి 7 డిగ్రీల మధ్య గడిచిన కాలమే ఇందులో బాగా లెక్కకు వస్తుంది, సున్నాకు బాగా దిగువన గడిచిన కాలం పెద్దగా పనికిరాదు. చాలా జాతులకు ఇది 1000 గంటల ప్రాంతంలో ఉంటుందని అంచనా వేస్తారు, అంటే దాదాపు ఆరు వారాలు. జాతిని బట్టి, రకాన్ని బట్టి ఇది మారుతుంది. గది చెట్టుకు ఆ గంటలు దొరకలేదు. చివరి మొగ్గలు సుప్తావస్థలోకి పూర్తిగా వెళ్లకముందే వెచ్చదనం తగలడంతో నడి శీతాకాలంలో వృథాగా విచ్చాయి. పక్క మొగ్గలు లోపలికి వెళ్లి, తిరిగి రాలేకపోయాయి. ఆలస్యంగా, అక్కడక్కడ, చివర్లలోనే విచ్చుకోవడం చలి చాలని చెట్టుకు గుర్తు.

దీనికి తోడు ఖర్చు. శ్వాసక్రియ వేగం ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుంది. 20 డిగ్రీల గదిలో ఉన్న చెట్టు 4 డిగ్రీల చోట ఉన్న చెట్టుకంటే దాదాపు మూడు రెట్లు వేగంగా తన నిల్వలను కరిగించుకుంటుంది. ఆకు లేని చెట్టుకు దానికి బదులుగా వచ్చే రాబడి ఏమీ లేదు. ఉన్న కాసిని ఆకులకూ కిటికీ వెలుగు చాలదు. మనకు వెలుతురుగా తోచే గదిలో బయటి వెలుగులో పదో వంతు ఉండటం కూడా కష్టం. ఫైకస్ ఆ వెలుగులో నెట్టుకొస్తుంది. దానికి చలి అవసరం లేదు, సుమారు 10 డిగ్రీలకు దిగువన అది ఇబ్బంది పడుతుంది. దాని విషయంలో యజమాని చేసింది సరైనదే.

రెండు చెట్లూ రెండు విరుద్ధమైన కారణాలతో చిక్కాయి. ఒకదాని మొగ్గలకు చలి చాలలేదు, మరొకదాని వేళ్లకు చలి మించింది. లోపలా బయటా అన్న ప్రశ్నకు ఈ కేసులో జవాబు లేదు, ఎందుకంటే గది, బల్ల రెండూ ఆ చెట్టుకు పనికిరాని చోట్లే. నేను యజమానితో చెప్పింది ఇది: “మీరు వాతావరణ సూచనలో గాలి ఉష్ణోగ్రత చూస్తున్నారు. చూడవలసింది వేళ్లముద్ద ఉష్ణోగ్రత. అది కొన్ని వారాలపాటు సున్నాకు అటూఇటూగా, ఒడిదుడుకులు లేకుండా నిలిస్తే కొమ్మలకు కావలసిన చలీ అందుతుంది, వేళ్లూ నిలుస్తాయి.”

చికిత్స

బల్ల చెట్టుకు చచ్చిన వేళ్లన్నిటినీ తీసేసి, ముతక ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వతపు రాయి), లావా రాయి కలిపిన, నీరు నిలవని మిశ్రమంలో, పాత కుండీకి రెండింతల లోతున్న చెక్కపెట్టెలో నాటాను. వాడిన ఆకులను తీసేశాను గాని కొమ్మలను కత్తిరించలేదు. వేళ్లు తగ్గితే కొమ్మలూ అంత మేరకు తగ్గించాలని చాలామంది అంటారు. కొమ్మల్లోని నిల్వలే కొత్త వేళ్లకు పెట్టుబడి కాబట్టి, ఏ కొమ్మను వదులుకోవాలో చెట్టే తేల్చుకునేదాకా ఆగడం నా పద్ధతి. గాలి తగలని నీడలో ఉంచి, పైపొర ఆరితే తప్ప నీరు పోయలేదు. ఎరువు వేయలేదు. వేసవి నడుమ రెండో చిగురు వచ్చింది. గాలి వైపున్న ఒక పక్కకొమ్మ మాత్రం చివరినుంచి ఎండుతూ మొదలు దాకా పోయింది.

గది చెట్టుకు చేసింది ఇంకా తక్కువ. బయటి నీడలో ఉంచి, ఎర్రనల్లిని నీటి ధారతో కడిగి, కత్తెర ముట్టకుండా వదిలేశాను. వేసవి పగళ్ల పొడవుకు పక్క మొగ్గలు కొన్ని ఆలస్యంగా కదిలాయి. ఆకులు ముదిరాక పలుచటి ఎరువు మొదలుపెట్టి, లేత చిగుళ్లతో చలికాలంలోకి వెళ్లకూడదు కనుక వేసవి చివర్లో నత్రజనిని ఆపేశాను.

రెండో శీతాకాలం

శరత్కాలంలో రెండు చెట్లనూ తేలికపాటి మంచు పడే రాత్రుల్లో కూడా బయటే ఉంచాం. చలి ఓర్పు ఒక్క రాత్రిలో రాదు. పొట్టి పగళ్లు, సున్నా పైన గడిచే చల్లని రాత్రులు, తర్వాత తేలికపాటి గడ్డకట్టే రాత్రులు, ఈ వరుసలో కణాల్లో చక్కెరలు పెరిగి నీటి అమరిక మారుతుంది. ఆకులన్నీ రాలాక, కుండీ మిశ్రమం రాత్రిపూట గడ్డకట్టడం మొదలైన వారంలో, ఇంటి గోడను ఆనుకుని ఉన్న, హీటర్ లేని షెడ్డులోకి మార్చాం. జపాన్‌లో పెంపకందార్లు శీతాకాలంలో బోన్సాయ్‌లను ఉంచే, వేడి పెట్టని మురో అనే ఆశ్రయం చేసే పని ఇదే. కుండీలను నేల మీదే పెట్టి, చుట్టూ అంచు దాకా బెరడు ముక్కలు నింపాం. ఎలుకలు ఆ బెరడు కింద చేరి మొదలు తొక్కను కొరికేస్తాయి కాబట్టి చుట్టూ సన్న తీగెల వల కట్టాం.

కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే థర్మామీటర్ల మొనలను వేళ్లముద్దల్లో గుచ్చాం. పోల్చి చూడటానికి, అదే మిశ్రమం నింపిన మూడు చెట్టులేని కుండీలను కూడా పెట్టాను: బల్ల మీద పొడిది ఒకటి, బల్ల మీద తడిది ఒకటి, షెడ్డులో బెరడు మధ్య ఒకటి. యజమానికి మొదట ఇది అనవసరమైన శ్రమలా తోచింది. చివరికి ఆయనే రోజూ ఉదయం వెళ్లి అంకెలు చదివేవారు.

గాలి సుమారు మైనస్ 12కు దిగిన రాత్రి, బల్ల మీది పొడి కుండీ దాదాపు గాలి వెంటే దిగి తెల్లవారేసరికి మైనస్ 10కి చేరింది. తడి కుండీ అర్ధరాత్రి దాటేదాకా సున్నా దగ్గరే ఆగి, ఆ తర్వాత మైనస్ 6 దాకా జారింది. షెడ్డులోని కుండీ మైనస్ 1 దగ్గర నిలిచింది. తడి కుండీ అలా ఆగడానికి కారణం నీటి గుప్తోష్ణం. ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 334 జౌళ్ల వేడి విడుదలవుతుంది. అదే గ్రాము ఒక డిగ్రీ చల్లబడితే వచ్చేది సుమారు 4.2 జౌళ్లే. అంటే కుండీలోని నీరు గడ్డకట్టే పనిలో ఇచ్చే వేడి, అది 80 డిగ్రీలు చల్లబడితే ఇచ్చేంత. అందుకే శీతాకాలంలో చెట్టు నిద్రపోతోంది గదా అని కుండీని ఎండగట్టడం ప్రమాదకరం. అయితే ఈ రక్షణకు హద్దు ఉంది. పగలు కూడా సున్నాను దాటని రోజులు వరుసగా వచ్చినప్పుడు, తడి కుండీలోని నీరంతా గడ్డకట్టి, రెండో రోజుకు దాని ఉష్ణోగ్రత కూడా పొడి కుండీ స్థాయికే దిగింది. తడి కొన్ని గంటలను కొనిపెడుతుంది, రోజులను కాదు. రోజుల తరబడి కాపాడింది నేలను ఆనుకుని ఉండటం, గాలి అడ్డు, చుట్టూ ఉన్న బెరడు.

మంచు కురిసిన వారంలో ఇంకో సంగతి తెలిసింది. మందంగా మంచు కప్పుకున్న బల్ల మీది కుండీల ఉష్ణోగ్రత, మంచు లేని రోజుల్లోకంటే నిలకడగా ఉంది. మెత్తని మంచులో చిక్కుకున్న గాలి మంచి కంబళి. కొమ్మల మీద బరువు పడుతుందని దులపడం సబబే, కుండీ మీది మంచును మాత్రం తుడవకూడదు.

షెడ్డులో వెలుగు చాలా తక్కువ. ఆకు రాల్చిన చెట్టుకు అది లోటు కాదు. ఆకు రాల్చని జాతులను పెట్టవలసి వస్తే కాస్త వెలుగు చూడాలి గాని, సున్నా దగ్గర అవి కూడా చేసే కిరణజన్య సంయోగక్రియ స్వల్పమే. నీరు పోసే పని ఆగదు: వారానికోసారి వేలితో తడి చూసి, గడ్డకట్టి లేని రోజున మధ్యాహ్నం కొద్దిగా పోయాలి. షెడ్డు లేని వారు చిన్న చెట్లను 2 నుంచి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టడం కూడా ఉంది. బూజు చూసుకోగలిగితే, పళ్లనుంచి వెలువడే ఇథిలీన్‌కు దూరంగా ఉంచగలిగితే అది గదికంటే ఎన్నో రెట్లు మేలు.

ఎక్కువ చూపు అవసరమైంది నడి శీతాకాలంలో కాదు, దాని చివర్లో. మొగ్గలకు కావలసిన చలి అప్పటికే అందింది. ఇప్పుడు వాటిని ఆపుతున్నది బయటి చల్లదనం ఒక్కటే. ఎండ కాసిన నాలుగు రోజుల్లో షెడ్డు లోపల పగటి ఉష్ణోగ్రత 12 డిగ్రీలు దాటింది. నెత్తిమీద వెచ్చదనం, కింద ఇంకా చల్లని వేళ్లు: మొగ్గ తొందరపడి విచ్చితే, విచ్చిన ఆకు మైనస్ 2, 3 డిగ్రీలకే మాడిపోతుంది. పగలు తలుపు తెరిచి, రాత్రి మూసి, మొగ్గలు ఉబ్బగానే చెట్లను బయటి నీడకు మార్చాం. మంచు పడుతుందన్న రాత్రుల్లో మాత్రం తిరిగి లోపలికి మోశాం. ఈ మోతను యజమాని విసుక్కున్నారు. నిజానికి ఏడాది మొత్తంలో చెట్టును మోయడం దండగ కానిది ఈ కొద్ది వారాల్లోనే.

ఫలితం

గది చెట్టు ఆ వసంతంలో కొమ్మ చివరలోనూ పక్కలోనూ ఉన్న మొగ్గలను ఒకే విడతలో విప్పింది. కిందటి ఏడాది మూసుకుపోయిన మొగ్గల్లో కొన్ని ఎండి రాలాయి, వాటి చోట్లలో కొమ్మ బోడిగానే ఉంది. చెట్టు ఆకారంలో ఆ లోటు పూడటానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. బల్ల చెట్టు కొంచెం ఆలస్యంగా, చిన్న ఆకులతో విచ్చుకుంది, వెచ్చని రోజుల్లో వాడలేదు. వేసవి మొదట్లో పెట్టె పక్క పలకను విప్పి చూస్తే తెల్లని వేరు కొనలు అంచు దాకా వచ్చాయి.

రెండు చెట్లతో జరిగిన ఈ కేసును ప్రయోగంగా తీసుకోకూడదు. మొదటి శీతాకాలంలో గది చెట్టుకూ బల్ల చెట్టుకూ నీరు పోసిన తీరు ఒకటి కాదు. బల్ల చెట్టు శరత్కాలంలో ఎంత పొడిగా ఉండి చలిలోకి వెళ్లిందో యజమానికి సరిగా గుర్తులేదు. రెండో శీతాకాలంలో పెట్టెలోని లోతు చేసిన మేలెంత, షెడ్డు చేసిన మేలెంత అన్నది కూడా నేను విడదీయలేను. వేళ్ల నష్టం ఆకారాన్ని బట్టి చేసిన నిర్ధారణ, చెట్టులేని కుండీల అంకెలు, ఈ రెంటినీ మాత్రం నమ్మకంగా చెప్పగలను.

బల్ల చెట్టును తిరిగి లోతు తక్కువైన పాత కుండీలోకి మార్చాలని యజమాని ఈ వసంతంలోనే అడిగారు. మరో రెండు ఎదుగుదల కాలాలు పెట్టెలోనే ఉండాలని, పక్కకొమ్మ పోయిన వైపున కొమ్మలను వంచడానికి తీగె చుట్టే పని కూడా అప్పటిదాకా వద్దని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు, కుండీని మాత్రం కడిగి షెడ్డులో అదే పెట్టె పక్కన పెట్టుకున్నారు. దాని అంచు లోపలికి వంగి ఉంటుంది. గడ్డకట్టి ఉబ్బిన మట్టి పైకి జరగడానికి అలాంటి కుండీల్లో దారి ఉండదు కనుక, చెట్టును అందులోకి మార్చే ముందు నిటారు గోడలున్న కుండీ ఒకటి వెతకమన్నాను.